ఒక్క హార్స్‌పవర్‌తో హ్యాడ్లీ కొండ మీదికి

1971 ఫిబ్రవరి 6. చంద్రుడి మీద ఫ్రా మౌరో ప్రాంతం. అపోలో 14లో వచ్చిన అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ ఒక ఎత్తు ఎక్కుతున్నారు. పైన కోన్ అనే గొయ్యి ఉంది. దాని అంచు దాకా వెళ్లి లోపలికి తొంగిచూడాలి, అంచు మీద పడి ఉన్న పాత రాళ్లు ఏరుకురావాలి. వెంట పనిముట్లు మోసే రెండు చక్రాల బండి ఉంది. మనిషి ముందు నిలబడి లాగే బండి కాబట్టి దానికి రిక్షా అనే పేరు పడింది. చక్రాలకు నైట్రోజన్ నింపిన రబ్బరు టైర్లు.

చదునులో బండి బాగానే నడిచింది. వాలు మొదలయ్యాక దుమ్ము మెత్తబడింది. అడుగు వేస్తే బూటు దిగుతోంది, లాగితే బండి మొరాయిస్తోంది. చివరికి ఒకరు ముందు, ఒకరు వెనక పట్టుకుని బండిని ఎత్తి మోశారు. షెపర్డ్ గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోందని హ్యూస్టన్‌లో డాక్టర్లు చూస్తున్నారు. ఇదే అంచు అనుకుని ఎక్కిన ప్రతి గట్టు వెనకా ఇంకో గట్టు కనిపించింది. కేటాయించిన సమయం అయిపోయింది. గొయ్యి చూడకుండానే ఇద్దరూ వెనక్కి తిరిగారు. తరవాత ఫొటోలు పరిశీలిస్తే, వాళ్లు ఆగిన చోటికి ఆ అంచు సుమారు 30 మీటర్ల దూరంలోనే ఉందని తేలింది.

ఆ ముప్పై మీటర్లు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మూడున్నర లక్షల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వెళ్లినవాళ్లను ఆపింది మెత్తటి దుమ్ము, ఒక మోస్తరు ఎత్తు. తరవాతి యాత్ర, అపోలో 15, ఏకంగా చంద్రుడి అపెనైన్ పర్వతాల పాదాల దగ్గరికి. అక్కడ హ్యాడ్లీ డెల్టా అనే కొండ మైదానం నుంచి మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున నిలబడి ఉంటుంది. దాని ఒడిలోకి కాస్తయినా ఎక్కాలి. కాళ్లతో అయ్యే పని కాదు. బండి కావాలి. ఎలాంటి టైరు? ఎలాంటి గేరు?

కాలిఫోర్నియా తీరాన శాంటా బార్బరాలో జనరల్ మోటార్స్ వారి రక్షణ పరిశోధనశాల ఉండేది. అక్కడ ఇద్దరు వలస ఇంజనీర్లు అప్పటికే కొన్నేళ్లుగా ఈ ప్రశ్నతోనే బతుకుతున్నారు. పెద్దవాడు మియెచిస్లావ్ బెక్కర్, 1905లో పోలండ్‌లో పుట్టినవాడు. చిన్నవాడు ఫెరెంక్ పావ్లిక్స్, 1956 తిరుగుబాటు అణచివేత తరవాత హంగరీ వదిలి వచ్చినవాడు.

బెక్కర్‌కు ముందు, రోడ్డు లేని చోట బండి ఎలా నడుస్తుందన్నది చాలావరకు అనుభవజ్ఞుల అంచనా మీద నడిచేది. బురదలో దిగబడితే ఇంకాస్త పెద్ద ఇంజను పెట్టేవారు. బెక్కర్ ముందు నేలను కొలవాలన్నాడు. వేరువేరు సైజుల పళ్లేలను మట్టిలోకి నొక్కి, ఎంత బరువుకు ఎంత లోతు దిగుతుందో చూశాడు. పళ్లున్న వలయాన్ని మట్టి మీద ఆనించి మెలితిప్పి, ఎక్కడ మట్టి తెగి జారుతుందో చూశాడు. మొదటిది బండి ఎంత కూరుకుపోతుందో చెబుతుంది, రెండోది ఎంత పట్టు దొరుకుతుందో చెబుతుంది. 1956లో వచ్చిన ఆయన పుస్తకంతో ఇదొక శాస్త్రంగా నిలబడింది.

మెత్తటి నేల మీద చక్రం కాస్త దిగగానే దాని ముందు చిన్న మట్టిగోడ లేస్తుంది. చక్రం తిరిగినంతసేపూ ఆ గోడ ముందుకు జరుగుతూనే ఉంటుంది. అంటే చదునైన ఇసుకలో కూడా బండి నిరంతరం ఎత్తు ఎక్కుతున్నట్టే లెక్క. నిజమైన కొండ ఎదురైతే ఆ ఎత్తుకు ఈ ఎత్తు తోడవుతుంది. అప్పుడు డ్రైవరు చేసే మొదటి పని యాక్సిలరేటర్ తొక్కడం. పట్టు దొరకని చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి, కింద ఉన్న మట్టిని వెనక్కి తోడి పారేసి, తన గోతిని తానే తవ్వుకుంటుంది. గోదావరి ఇసుక తిన్నెల్లో ట్రాక్టరు తోలినవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు నేల మీద ఒత్తిడి తగ్గించడం. చక్రం నేలను తాకే మేర పెరగాలి. వెడల్పు పెంచితే మట్టిగోడ కూడా వెడల్పవుతుంది, అందుకే పొడవు పెరగడం ఇంకా మేలని బెక్కర్ వాదన. పెద్ద వ్యాసం, బరువు పడితే అణిగి నేల మీద పరుచుకునే మెత్తదనం, ఈ రెండూ ఉంటే ఆ పొడవు వస్తుంది. భూమి మీద ఈ పని గాలి తక్కువ నింపిన రబ్బరు టైరు చేస్తుంది. 1970లో హోండా, రోడ్డు లేని చోట తిరిగే మూడు చక్రాల ఏటీవీని మార్కెట్లోకి తెచ్చింది. అది 7 హార్స్‌పవర్ ఇంజనుతో ఇసుక దిబ్బల మీద తిరగగలిగిందంటే కారణం 22 అంగుళాల బెలూన్ టైర్లే. నేటికీ ఇసుకకొండ ఎక్కబోయే ఏటీవీ రైడరు ముందు టైర్లలో గాలి తీస్తాడు.

చంద్రుడి మీద రబ్బరుకు చిక్కులున్నాయి. బరువు ఒకటి. పగలు నీరు మరిగే వేడి, నీడలో ఎముకలు కొరికే చలి, పైగా శూన్యం. చేతిబండికి సరిపోయిన టైరు ఇద్దరు మనుషులను మోసే బండికి పనికిరాదు. అందుకని గాలి లేని టైరు అల్లారు. మాట వరసకు కాదు, నిజంగానే అల్లారు. జింకు పూత పూసిన ఉక్కు పియానో తీగను వలలా చేత్తో అల్లి చక్రం చేశారు. తీగ మందం 0.83 మిల్లీమీటర్లు. చక్రం వ్యాసం దాదాపు 82 సెంటీమీటర్లు, వెడల్పు 23. బరువు పడితే వల అణుగుతుంది, బరువు తీస్తే మళ్లీ గుండ్రబడుతుంది. రాయి తగిలి మరీ లోపలికి నొక్కుకుపోకుండా లోపల టైటానియం చట్రం పెట్టారు. ఒక్కో చక్రం బరువు ఐదున్నర కిలోలు మించలేదు.

వల ఒక్కటే అయితే తీగ మట్టిని కోసుకుంటూ దిగుతుంది. అందుకని దాని మీద వి ఆకారంలో టైటానియం పట్టీలు రివెట్లతో బిగించారు. ఎంత మేర బిగించాలి? మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో సైన్యం వారి ప్రయోగశాల ఉంది. నల్లరాతిని పొడి చేసి, చంద్రుడి మట్టిని పోలిన మట్టి పరిచి, అక్కడ చక్రాలను పరీక్షించారు. నేలను తాకే భాగంలో సగం పట్టీ, సగం ఖాళీ వల ఉండేట్టు ఖాయం చేశారు.

ఇంత పనిచేసినా బండికి అనుమతి రావాలి కదా. పెద్ద చంద్రశకటాల ప్రణాళికలు డబ్బు లేక మూలపడ్డాయి. అప్పుడు పావ్లిక్స్ ఆరో వంతు సైజులో ఒక నమూనా చేశాడు. మడత పెడితే ల్యాండరు పక్క అరలో ఇమిడిపోయే బండి అది. తన కొడుకు ఆడుకునే సైనికుడి బొమ్మను వ్యోమగామిగా అందులో కూర్చోబెట్టాడు. దాన్ని రిమోట్‌తో నడుపుతూ హంట్స్‌విల్‌లో నాసా రాకెట్ కేంద్రం అధిపతి వెర్నర్ ఫాన్ బ్రౌన్ గది గుమ్మం దాటించి లోపలికి పంపాడు. ఫైళ్ల మధ్య తల ఎత్తిన ఫాన్ బ్రౌన్ ముందు ఆ బొమ్మబండి తిరుగుతోంది. ఒక ఇంజనీరు తన పని మీద పెట్టుకున్న నమ్మకం అంత ముద్దుగా గుమ్మం దాటిన సందర్భం నాకు మరొకటి తెలియదు. 1969 అక్టోబరులో బోయింగ్‌కు కాంట్రాక్టు దక్కింది. చక్రాలు, వాటిని నడిపే యంత్రాంగం శాంటా బార్బరా వంతు. పదిహేడు నెలల్లో, 1971 మార్చి 10న, మొదటి బండి నాసా చేతికి వచ్చింది.

ఇక గేరు. ఒక్కో చక్రానికి ఒక్కో మోటారు, పావు హార్స్‌పవర్ చొప్పున. నాలుగూ కలిస్తే ఒక్క హార్స్‌పవర్. మన పొలంలో బోరుకు బిగించే మోటారే ఐదు ఉంటుంది. ఆ ఒక్కదానితో బండి, ఇద్దరు మనుషులు, సామాను, రాళ్లు కలిపి 700 కిలోల దాకా కొండెక్కాలి. చంద్రుడి మీద ఆ బరువు ఆరో వంతే, నిజమే. అయినా సరే, మోటారు నిమిషానికి పదివేల చుట్లు తిరిగేది, చక్రానికి కావలసింది నెమ్మదైన బలమైన తిప్పు. మెత్తటి నేలకు అణిగే పెద్ద చక్రం కావాలన్నాం కదా, చక్రం పెద్దదయ్యేకొద్దీ దాన్ని తిప్పడానికి ఇంకా బలం కావాలి. టైరు ఒకరు, గేరు ఒకరు విడివిడిగా ఎంచుకుంటే కుదరదు. ఏటీవీకి పెద్ద టైర్లు వేయించి, ముందు స్ప్రాకెట్ పళ్లు తగ్గించకుండా కొండకు వెళ్లిన కుర్రాళ్లకు క్లచ్ ప్లేట్లు కాలిన వాసన ఈ పాఠం నేర్పుతుంది.

పదివేల చుట్లను అణచడానికి మామూలు పళ్లచక్రాల వరసలు పెడితే బరువు పెరుగుతుంది, చక్రం మధ్యలో ఇమడదు. పరిష్కారం బూట్ల తయారీ యంత్రాల కంపెనీ నుంచి వచ్చింది. యునైటెడ్ షూ మెషినరీ కోసం వాల్టన్ మస్సర్ 1950లలో కనిపెట్టిన హార్మోనిక్ డ్రైవ్ అది. పల్చటి ఉక్కు గిన్నె, దాని బయటి అంచు చుట్టూ పళ్లు. గిన్నె లోపల అండాకారపు దిమ్మ తిరుగుతుంటే గిన్నె రెండు వైపులా సాగి, బయట ఉన్న గట్టి వలయం పళ్లలో ఆ రెండు చోట్ల మాత్రమే ఇరుక్కుంటుంది. గిన్నెకు 160 పళ్లు, వలయానికి 162 ఉన్నాయనుకోండి. దిమ్మ ఒక చుట్టు పూర్తి చేసేసరికి గిన్నె రెండు పళ్ల మేర మాత్రమే జరుగుతుంది. ఎనభై చుట్లకు ఒక చుట్టు. ఒకే మెట్టులో, అరచేతిలో పట్టేంత మందంలో. చంద్రశకటానికి పెట్టింది సరిగ్గా ఈ 80కి 1 నిష్పత్తే. మోటారుతో సహా అంతా దుమ్ము దూరకుండా నైట్రోజన్ నింపిన డబ్బాలో సీలు చేశారు. మార్చుకోవడానికి వేరే గేర్లు లేవు. లెక్క కడితే చక్రం నిమిషానికి 125 చుట్లు, గంటకు 19 కిలోమీటర్లకు మించని వేగం. వేగాన్ని వదులుకుని ఆ మేరకు బలం కొనుక్కున్నారు.

వ్యోమగాములు భూమి మీద సాధన చేసిన బండికి మాత్రం రబ్బరు టైర్లే. ఇక్కడి బరువుకు తీగ చక్రం నలిగిపోతుంది. కాబట్టి అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ అసలు చక్రాల మీద అసలు వాలు ఎక్కడం మొదటిసారి చంద్రుడి మీదే జరగాలి.

జులై 31న బండి విప్పగానే ముందు చక్రాల స్టీరింగ్ పనిచేయలేదు. వెనక చక్రాలకూ స్టీరింగ్ ఉంది కాబట్టి ఆ రోజు దానితో నెట్టుకొచ్చారు. మర్నాడు ఎందుకో ముందుది కూడా లేచి కూర్చుంది. ఆగస్టు 1, మన గడియారంలో ఆదివారం సాయంత్రం, ఇద్దరూ హ్యాడ్లీ డెల్టా వైపు బయల్దేరారు. సీట్ల మధ్య టి ఆకారపు పిడి. ముందుకు తోస్తే నడక, పక్కకు వంచితే మలుపు, వెనక్కి లాగితే బ్రేకు.

కొండవాలు మొదలైంది. చక్రాలు గిర్రున తిరగలేదు, తవ్వలేదు. సగటున సెంటీమీటరుంపావు లోతు జాడ పడుతోంది. ఆ జాడలో వి పట్టీల అచ్చు చెక్కుచెదరకుండా ఉందంటే చక్రం దాదాపు జారలేదన్నమాట. ఎంత ఎక్కారో వాళ్లకు తెలిసింది వెనక్కి తిరిగి చూసినప్పుడే. మైదానానికి సుమారు వంద మీటర్ల పైన ఉన్నారు. ల్యాండరు కిలోమీటర్ల అవతల చిన్న చుక్క. ఫిబ్రవరిలో ఇద్దరు మనుషులు ఊపిరి ఎగబోసుకుని ఓడిపోయిన ఎత్తుకు ఇది తీసిపోదు. ఈసారి ఇద్దరూ సీట్లలో కూర్చుని ఉన్నారు.

దిగితే కథ వేరు. వాలు మీద ఒక బండరాయి దగ్గర ఆగారు. బూట్లు మెత్తటి మట్టిలో దిగబడుతున్నాయి, నిలబడటమే కష్టం. బండి వెనక చక్రాల్లో ఒకటి నేలను తాకకుండా గాల్లో ఉంది. బండి కిందికి జారేలా ఉంది. అది పోతే ల్యాండరు దాకా కొన్ని కిలోమీటర్ల నడక, వీపు మీద ఉన్నంత ప్రాణవాయువుతో. రాయి వదిలేసి పోవచ్చు. ఇర్విన్ బండిని పట్టుకుని అలాగే నిలబడ్డాడు, స్కాట్ రాయి దగ్గరికి వెళ్లి నమూనా తీశాడు. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నా కళ్లు ఇర్విన్ చేతుల మీదే ఉంటాయి. గేరు, టైరు, లెక్కలు అన్నీ చేయగలిగినంత చేశాక, మిగిలిన పని ఒక మనిషి నిలబడి చేశాడు.

మెత్తటి నేల ఒక్కసారి గెలిచింది కూడా. ల్యాండరు పరిసరాల్లో, ప్రయోగ పరికరాలు అమర్చిన చోటికి దగ్గర్లో, ఆగి ఉన్న బండిని కదపబోతే చక్రాలు ఉన్నచోటే తిరిగి నేలను తోడేశాయి. బెక్కర్ హెచ్చరించిన గొయ్యే. ఇద్దరూ దిగి బండిని ఎత్తి పక్కన పెట్టారు. ఖాళీ బండి బరువు అక్కడ 35 కిలోలే.

కొండ మీద బండరాయి తరవాత స్పర్ అనే గొయ్యి అంచుకు వెళ్లారు. అక్కడే 269 గ్రాముల తెల్లరాయి దొరికింది. నాలుగు వందల కోట్ల ఏళ్లు పైబడిన చంద్రుడి తొలి పెంకు ముక్క అది. పత్రికలు దానికి జెనిసిస్ రాక్ అని పేరు పెట్టాయి. అదే చోట ఆకుపచ్చ మట్టిగడ్డలు కూడా ఏరారు. వాటిలో ఉన్నవి అగ్నిపర్వతం చిమ్మిన సన్నటి గాజు గుళికలు. 2008లో శాస్త్రజ్ఞులు ఆ గుళికల్ని మరింత సున్నితమైన పరికరాలతో పరీక్షించి, చంద్రుడి గర్భంలో నీటి జాడ ఉందని ప్రకటించారు. ఎముకలా ఎండిన గోళమని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెప్పిన చంద్రుడి గురించి.

మూడు రోజుల్లో ఆ బండి దాదాపు 28 కిలోమీటర్లు తిరిగింది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వ్యోమగాములు జాన్ యంగ్, చార్లీ డ్యూక్ దాని తోటి బండిని స్టోన్ మౌంటెన్ మీద ఇంకా పైకి ఎక్కించారు. అవే తీగ చక్రాలు, అదే ఎనభైకి ఒకటి గేరు.