పిస్తోలు గడియ

సిరిసిల్లలో మరమగ్గం నడవడం చూచిన కథలాపూరు విద్యార్థికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పడుగు రెండు పాయలుగా విచ్చుకొన్నప్పుడే నాడె దాటిపోవాలి. కాస్త ముందయినా, వెనుకయినా దారాలు తెగుతాయి. తనంతట తానే తూటా ఎక్కించుకొనే పిస్తోలు చరిత్ర కూడా ఇటువంటి వేళ కుదుర్చుకోవడమే. అయితే ఇక్కడ వేళ తప్పితే పగిలేది కాల్చేవాని చేతిలోనే.

తూటాలో మందు మండగా పుట్టిన వాయువులు గుండును ముందుకు నెట్టినంత బలంతోనూ ఇత్తడి డొల్లను వెనుకకు నెట్టుతాయి. న్యూటను మూడవ నియమం ఇదే. ఈ వెనుకతన్నుతోనే ఖాళీ డొల్లను బయటపడవేసి, కొత్త తూటాను ఎక్కించుకొనే పిస్తోలును 1893లో జర్మనీలో హ్యూగో బోర్ఖార్ట్ రూపొందించాడు.

డొల్ల వెనుక తలుపులా ఉండే ఉక్కు దిమ్మను బోల్టు అంటారు. చిన్న తూటాకు దాని బరువూ, ఒక స్ప్రింగూ చాలు. పెద్ద తూటాకు చాలవు. లెక్క కట్టి చూడవచ్చు. 1955లో రివాల్వరు కోసం వచ్చిన 44 మాగ్నం తూటా గుండు బరువు ఇంచుమించు 15.6 గ్రాములు. అది 15 సెంటీమీటర్ల గొట్టం దాటేలోగా, గడియ లేని 400 గ్రాముల బోల్టు, ద్రవ్యవేగ నియమం ప్రకారం, దాదాపు 6 మిల్లీమీటర్లు వెనుకకు జరుగుతుంది. మందు బరువును ఈ లెక్కలో చేర్చలేదు. చేర్చితే ఇంకా ఎక్కువే. అప్పటికి ఆధారం తప్పిన పలుచని ఇత్తడి లోపలి పీడనానికి చిట్లిపోతుంది. బోల్టు 1 మిల్లీమీటరు మాత్రమే కదలాలంటే దాని బరువొక్కటే 2 కిలోలు దాటాలి! అటువంటి పిస్తోలును ఎవరు మోస్తారు?

కనుక గడియ కావాలి. గుండు బయటపడి, పీడనం తగ్గేవరకు అది ఊడరాదు. 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన పిస్తోలులో జాన్ బ్రౌనింగు గొట్టాన్నీ, పైనున్న స్లైడునూ కలిపి బిగించాడు. రెండూ కొంతదూరం వెనుకకు సాగాక గొట్టం వెనుక భాగం కిందికి వంగి విడిపోతుంది. ఎంత సులువైన ఉపాయం! అంతకు ముందే ఇంగ్లండులో గాబెట్ ఫెయిర్‌ఫాక్స్ తయారుచేసిన మార్స్ పిస్తోలు అంతకన్న ఎంతో బలమైనది. కాని ఖాళీ డొల్లలను కాల్చేవాని వైపే విసిరేది. సైన్యం తిరస్కరించింది, నిర్మాత దివాలా తీశాడు. 1971లో అమెరికాలో వెలువడిన ఆటోమాగ్‌లో తిరిగి బిగుసుకొనే బోల్టు ఉండేది. దాని సంస్థ కూడా మరుసటి ఏడే దివాలా తీసింది.

1980 తరువాతి దశకంలో వచ్చిన డెజర్ట్ ఈగిల్ మరొక దారి పట్టింది. అమెరికాలోని మాగ్నం రిసర్చి సంస్థకూ, ఇజ్రాయెలు ఆయుధ కర్మాగారానికీ అందులో పాలున్నది. గొట్టానికి వేసిన సన్నని రంధ్రం గుండా వచ్చిన వాయువు ముషలకాన్ని నెట్టి గడియ తీస్తుంది. రైఫిళ్ళలో ఇది పాత పద్ధతే. బ్రౌనింగు పిస్తోలుకు దాదాపు మూడింతల గతిజశక్తిని గుండుకు ఇస్తుంది. బరువు మాత్రం ఇంచుమించు రెండింతలే, 2 కిలోలు. అయితే పై తొడుగు లేని సీసపు గుండ్లు దీనికి పనికిరావు. సీసం అంటుకొని ఆ రంధ్రం పూడిపోతుంది. వేలితో లాగినప్పుడే చక్రం తిరిగే రివాల్వరుకు ఆ బాధ లేదు.