‘గుట్టుగా బతకొచ్చుగా?’ – ఇరాన్ పనాహ్‌జూల కథ

ఫార్సీలో శరణార్థికి రెండు మాటలున్నాయి. పరాయి ముల్క్ గడప దాకా వచ్చి పనాహ్ అడుగుతూ నిలబడ్డవాడు పనాహ్‌జూ. పనాహ్ దొరికినవాడు పనాహందే. మన ఉర్దూలో జుస్తజూ అంటాం చూడండి, అందులోని ‘జూ’యే ఇది. వెతుక్కునేవాడు అని. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాలాంటివాళ్లకి ఇరాన్ వార్తలతో ఇదే ఇబ్బంది. మాటలన్నీ మన ఇంటి మాటల్లా ఉంటాయి. ఎక్కడో ఎవరికో జరుగుతోందిలే అని చదివి పక్కన పెట్టడం కుదరదు.

ఈసారి రాస్తున్నది ఇరాన్ వదిలి పారిపోయి పనాహ్ అడుగుతున్న స్వలింగ ప్రేమికుల గురించి, ట్రాన్స్‌జెండర్ల గురించి. అమ్మీ, అబ్బా, పిల్లలు అందరూ చదివే చోట ఈ ముచ్చట ఎందుకని కొందరు అనుకుంటారు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇది ముందుగా ప్రాణాల ముచ్చట, ఆ తర్వాతే మిగతావన్నీ.

మాటల దగ్గరే ఇంకో నిమిషం ఆగుదాం. ఇలాంటివాళ్లని ఇరాన్‌లో తిట్టేటప్పుడు ‘హమ్‌జిన్స్‌బాజ్’ అంటారు. బాజ్ ఎవరో మనకు తెలుసు. పతంగ్‌బాజ్, కబూతర్‌బాజ్, దగాబాజ్. అంటే ఇదొక ఆట, ఒక అలవాటు, ఒక బద్‌మాషీ అని అర్థం. గత కొన్ని దశాబ్దాల్లో దీనికి బదులుగా ‘హమ్‌జిన్స్‌గరా’ అనే మాట వాడుకలోకి వచ్చింది. గరా అంటే మొగ్గు ఉన్నవాడు. తిట్టు పోయి మనిషి మిగిలాడు. ఈ ఒక్క తోక మార్చడానికి అక్కడివాళ్లు ఎంత కొట్లాడారో! ఈ తేడా మళ్లీ చివర్లో పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక కానూన్. 1979 ఇంకిలాబ్ తర్వాత ఇరాన్ హుకూమత్ హుదూద్ సజాలను కానూన్‌లో రాసుకుంది. 2013లో సవరించిన శిక్షాస్మృతిలోనూ మగవాళ్ల మధ్య సంబంధానికి మౌత్ దాకా సజా ఉంది. ఆడవాళ్ల మధ్య అయితే 100 కొరడా దెబ్బలు. మూడుసార్లు ఆ సజా పడ్డాక నాలుగోసారి దొరికితే మౌతే. ముస్లిం ముల్కులన్నీ ఇంతే అనుకుంటే పొరపాటు. ఉస్మానియా సల్తనత్ 1858లో ఫ్రెంచి నమూనాలో తెచ్చిన శిక్షాస్మృతిలో దీన్ని జుర్మ్‌గా రాయనేలేదు. రెండేళ్ల తర్వాత, 1860లో, మన హిందుస్తాన్‌కి అంగ్రేజులు 377వ సెక్షన్ రాసిపెట్టి పోయారు. అది 2018 దాకా మన మెడకే వేలాడింది. అందుకని తారీఖ్‌ని ‘వాళ్లు, మనం’ అని రెండు ముక్కలు చేసి చెప్పేవాళ్లని నేను తొందరగా నమ్మను.

2005 జులైలో మష్‌హద్‌లో ఇద్దరు కుర్రాళ్లని బహిరంగంగా ఉరి తీశారు. కళ్లకు గంతలు కట్టి, మెడకు తాళ్లు వేసిన ఆ ఫోటో దునియా అంతా తిరిగింది. వాళ్ల మీద అసలు ఇల్జామ్ ఏమిటన్నది ఇప్పటికీ ఝగడానే. చిన్న పిల్లాడి మీద జబర్దస్తీ చేశారని కోర్టు అంది. ప్రేమించుకోవడమే వాళ్ల నేరమని బయటి దేశాల్లో ఉద్యమించినవాళ్లు అన్నారు. సబూత్ చూడకుండా అలా అనొద్దని మానవ హక్కుల సంస్థలే హెచ్చరించాయి. ఆ ఫోటో చూపించి మొత్తం ముస్లింలని తిట్టినవాళ్లు యూరప్‌లో చాలామందే. అలాంటి కుర్రాడే ప్రాణం దక్కించుకుని వాళ్ల ఎయిర్‌పోర్టులో దిగితే మాత్రం చాలాచోట్ల దర్వాజా తెరవలేదు.

రెండేళ్ల తర్వాత, 2007 సెప్టెంబర్‌లో, ప్రెసిడెంట్ అహ్మదీనెజాద్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో మాట్లాడుతూ, మీ దేశంలో ఉన్నట్టు మా దేశంలో అలాంటివాళ్లు లేరని చెప్పారు. హాల్లో జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లేనివాళ్లకి సజా ఎందుకు రాసుకున్నట్టు?

ఉన్నారని వాళ్ల దఫ్తర్లకే తెలుసు. ఇరాన్‌లో మగపిల్లలకు ఫౌజు నౌకరీ తప్పనిసరి. డాక్టర్ల ముందు హాజరై తాను స్వలింగ ప్రేమికుడినని ఒప్పుకుంటే మానసిక రుగ్మతల ఖాతాలో మాఫీ కార్డు ఇస్తారు. ఏ ఖాతాలో మాఫీ దొరికిందో కార్డును బట్టి కనిపెట్టొచ్చు. నౌకరీకి వెళితే సేఠ్ పట్టుకుంటాడు, ఇంట్లో దాస్తే భాయీ పట్టుకుంటాడు. 2021 మేలో అహ్వాజ్‌లో 20 ఏళ్ల కుర్రాడు హత్యకు గురయ్యాడు. ఆ కార్డు వల్లే సంగతి ఖాందాన్‌లో తెలిసిందనీ, బంధువులే చంపారనీ హక్కుల సంస్థలు చెప్పాయి. అతను టర్కీకి వెళ్లే తయారీలో ఉన్నాడు. అలా చూస్తే ఈ పారిపోయేవాళ్లు హుకూమత్‌కి ఒక్కదానికే భయపడి పారిపోవడం లేదు.

ట్రాన్స్‌జెండర్ల కథ కొంచెం వేరు. మరియమ్ ఖాతూన్ ముల్కారా అని ఒకామె ఉండేది. మగ దేహంతో పుట్టింది. ఆయతుల్లా ఖొమేనీ నజఫ్‌లో జలావతనీలో ఉన్నప్పటి నుంచే ఆయనకు ఖత్‌లు రాసేది. 1980లలో తెహ్రాన్‌లో ఆయన ఇంటికే వెళ్లింది. మగవాళ్ల సూటు తొడుక్కుని, చేతిలో ఖురాన్ పట్టుకుని. పహరావాళ్లు ముందు చితకబాదారు. చివరికి లోపలికి పంపారు. ఆపరేషన్ చేయించుకోవచ్చని ఫత్వా చేతపట్టుకుని బయటికొచ్చింది. ఆ ఫత్వాతోనే ఇరాన్‌లో ఇలాంటి ఆపరేషన్లకు కానూనీ దారి పడింది. కొందరికి అది నిజంగా జిందగీ ఇచ్చింది. కానీ అదే దారి ఇంకొందరికి బేడీ అయింది. ఆపరేషన్ అక్కర్లేని స్వలింగ ప్రేమికుల మీద కూడా ‘చేయించుకో, హలాల్ అయిపోతావు’ అని ఇంటివాళ్లు, డాక్టర్లు దబావ్ తెచ్చారని హక్కుల సంస్థల రిపోర్టులున్నాయి. ఆ కత్తి తప్పించుకోవడానికే దేశం దాటినవాళ్లూ పనాహ్‌జూలలో ఉన్నారు.

దాటి ఎక్కడికి వెళతారు? ముందు టర్కీకి. ఇరానీలకు అక్కడికి వీసా అక్కర్లేదు. అయితే టర్కీ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేసింది కానీ ఒక షర్తు పెట్టింది. యూరప్ నుంచి వచ్చినవాళ్లనే శరణార్థులుగా గుర్తిస్తుంది. మిగతావాళ్లు ఇంకో దేశం పిలిచేదాకా అక్కడ ఆగొచ్చు, అంతే. ఆగడానికి కూడా ఊరు వాళ్లే చెబుతారు. దెనిజ్లీ, కైసెరీ, ఎస్కిషెహిర్, నెవ్‌షెహిర్. చెప్పిన ఊళ్లోనే ఉండాలి, గడువు ప్రకారం దఫ్తర్‌కి పోయి సంతకం పెట్టాలి, ఇజాజత్ లేకుండా ఊరు దాటకూడదు. పని చేసుకోవడానికి పర్మిట్ దొరకడం మహా కష్టం. దాంతో కార్ఖానాల్లో లెక్కా పత్రం లేని మజ్దూరీ. తక్కువ ఇచ్చినా, అసలు ఇవ్వకపోయినా పోలీసు దగ్గరికి వెళ్లలేరు. చుట్టూ ఉన్న మిగతా ఇరానీ శరణార్థుల నుంచి కూడా దాక్కోవాలి. వాళ్ల చెవిన పడితే సంగతి మర్నాటికి షీరాజ్‌లో అమ్మీకి చేరిపోతుందని భయం.

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఎలా ఉంటుందో హైదరాబాద్‌వాళ్లకి చెప్పక్కర్లేదు. బాలాపూర్‌లో రోహింగ్యాల దగ్గర చూసే ఉంటారు. మన దేశమైతే ఆ 1951 ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. టర్కీలోనూ అదే సంస్థ ఇంటర్వ్యూ చేసి, శరణార్థి అని తేల్చి, అమెరికాకో కెనడాకో ఫైలు పంపేది. ఏళ్లు పట్టేది కానీ నడిచేది. 2017 జనవరిలో ట్రంప్ ఆర్డరు ఇరానీలకు అమెరికా తలుపు వేసింది. 2018 సెప్టెంబర్‌లో దరఖాస్తుల పని మొత్తం టర్కీ హుకూమత్ చేతికి వెళ్లింది. మధ్యలో చిక్కుకున్నవాళ్లు మధ్యలోనే ఉండిపోయారు.

ఏదోలా యూరప్ చేరినవాళ్లకు ఎదురైన సవాల్ ఇంకోటి. మీరు ఇరాన్‌లో గుట్టుగా బతకొచ్చుగా? ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ కనపడకుండా ఉంటే ఎవరేం చేస్తారు? ఇది వీధి అరుగు మీద అడిగిన మాట కాదు. అఫ్సర్లు ఫైళ్లలో రాసిన జవాబు. 2006లో నెదర్లాండ్స్ మంత్రి రీటా వెర్డోంక్ ఇరానీ స్వలింగ ప్రేమికులని వెనక్కి పంపేయొచ్చని అంది. పార్లమెంటు ఎదురు తిరిగాక అదే ఏడాది వాళ్లకి ప్రత్యేక పనాహ్ ఇవ్వాల్సి వచ్చింది. 2008లో బ్రిటన్‌లో చదువుకుంటున్న ఒక 19 ఏళ్ల ఇరానీ కుర్రాడి కథ ఇంకా ఘోరం. ఇరాన్‌లో తన దోస్త్‌ని ఉరితీశారని ఇంటి నుంచి కబురొచ్చింది. బ్రిటన్‌ని పనాహ్ అడిగితే లేదంది. నెదర్లాండ్స్ పారిపోతే, ముందు అడిగిన దేశమే తేల్చాలనే రూలు చూపించి వెనక్కి పంపింది. యూరప్ పార్లమెంటే తీర్మానం చేశాక గానీ ఆ మేలో బ్రిటన్ ఒప్పుకోలేదు.

ఆ సవాల్‌కి జవాబు దొరికింది 2010 జులై 7న, బ్రిటన్ సుప్రీంకోర్టులో. కాగితాల్లో ‘హెచ్.జే.’ అని మాత్రమే రాసిన ఒక ఇరానీ, కామెరూన్ నుంచి వచ్చిన ఇంకొకతను. కింది కోర్టు వాళ్లని గుట్టుగా బతకమంది, అది ఓర్చుకోదగిన బతుకే అంది. ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ మాట కొట్టేశారు. చంపుతారన్న భయంతోనే మనిషి దాక్కుంటే, ఆ దాక్కోవడమే అతను శరణార్థి అనడానికి సబూత్ అన్నారు. ఒక గీత కూడా గీశారు. భయం వల్ల కాకుండా, అమ్మానాన్నలు బాధపడతారనో, తనకే ఇష్టం లేకనో గుట్టుగా ఉండేవాడికి ఈ పనాహ్ వర్తించదు. ఈ గీత నాకు సబబుగానే అనిపిస్తుంది. ఖాందాన్ కోసం మనం దాచుకునేవి వేరు, తాడు కోసం దాచుకునేవి వేరు. కాకపోతే అహ్వాజ్ లాంటి చోట ఖాందానే తాడు అయితే ఆ గీత ఎక్కడ పడుతుందో ఫైలు చూసే అఫ్సర్ ఆలోచించాలి.

ఈ తీర్పుకి దారి వేసింది ఎవరనుకున్నారు? ఇద్దరు పాకిస్తానీ ఆడవాళ్లు. షౌహర్లు బద్‌చలన్ అని ఇల్జామ్ వేసి ఇంట్లోంచి గెంటేస్తే బ్రిటన్‌లో పనాహ్ అడిగారు. 1951 ఒప్పందంలో పనాహ్‌కి ఐదు కారణాలే ఉన్నాయి. జాతి, మజ్‌హబ్, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ‘ఒక ప్రత్యేక సామాజిక సమూహం’. ఆడవాళ్లని ఎందులో పెట్టాలి? 1999లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఐదో దాంట్లో పెట్టింది. తర్వాత హెచ్.జే. నడిచింది ఆ దారినే.

యూరప్ కోర్టు కూడా 2013లో ‘దాచుకుని బతుకు’ అనకూడదంది. 2014లో, దేహ పరీక్షలు చేయొద్దు, ప్రైవేటు వీడియోలు సబూత్‌గా తీసుకోవద్దు అంది. అంటే అప్పటిదాకా అవీ నడిచాయని మీరే అర్థం చేసుకోండి.

ఇప్పుడు మన ఇళ్లలో అడిగే సవాల్. ఇది గునాహ్ కాదా? ఉలమా ఏమంటారో మీకు తెలుసు, నేను ముఫ్తీని కాను. నేను అడుగుతున్నది ఇంకోటి. పనాహ్ ఇవ్వడానికి ముందు గునాహ్ లెక్క తేలాలా? పనాహ్ అడిగితే ముష్రిక్‌కైనా ఇచ్చి, అమన్ ఉన్న చోటికి చేర్చమని సూరా తౌబా ఆరో ఆయత్ చెబుతుంది. దానికి ముందు అతన్ని మార్చమని షర్తు పెట్టలేదు. మక్కాలో తొలి ముసల్మాన్లు దారే అర్ఖమ్‌లో దాక్కుని కలుసుకునేవాళ్లు. గుట్టుగా ఉండొచ్చుగా అని వాళ్లనీ అనొచ్చు. వాళ్లలో కొందరు హబ్షాకి హిజ్రత్ చేస్తే, ఖురైష్ తోహ్ఫాలు పట్టుకుని వెంటపడ్డారు, మావాళ్లని మాకప్పగించమని. నజాషీ ఈసాయీ బాద్‌షా. రెండు వైపులా విన్నాడు, తోహ్ఫాలు వాపస్ చేశాడు, మనుషుల్ని అప్పగించలేదు. రెండూ ఒకటే అని నేననడం లేదు. దీన్ కోసం చేసిన హిజ్రత్ మర్తబా వేరు. కానీ చేతికందిన మనిషిని ఉరితాడుకి తిరిగి ఇవ్వకపోవడం అనే పని రెండు చోట్లా ఒకటే. ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి, లక్షల మంది అఫ్గానీలకి దశాబ్దాలుగా పనాహ్ ఇచ్చిన ముల్క్ కూడా ఈ ఇరానే.

ఇక వీళ్లకి సాయం చేసినవాళ్లెవరు? ఎక్కువగా వాళ్లే. షీరాజ్ కుర్రాడు అర్షామ్ పార్సీ 2005లో టర్కీకి పారిపోయి, మరుసటి ఏడు కెనడా చేరాడు. టొరంటోలో కూర్చుని, వెనక మిగిలినవాళ్ల ఫైళ్లు పట్టుకున్నాడు. 2008లో పెట్టిన తన సంస్థ పేరులో ‘రైల్‌రోడ్’ అని పెట్టుకున్నాడు. అమెరికాలో గులామీ నుంచి తప్పించుకున్న నల్లవాళ్లని ఇంటి నుంచి ఇంటికి దాచుకుంటూ కెనడాకి చేర్చిన రహస్య దారికి ఆ పేరుండేది. ఇతని సంస్థ చేసేదేమీ సినిమా కథ కాదు. దరఖాస్తు రాయించడం, కిరాయికి కొంత పైసా పంపడం, ఎంబసీకి ఖత్ రాయడం, రాత్రిపూట ఫోన్ ఎత్తడం.

కెనడాలో ఇంకో పద్ధతి ఉంది. ఐదుగురు మామూలు మనుషులు కలిసి ఒక శరణార్థికి జామీన్ నిలబడొచ్చు. మొదటి ఏడాది ఇల్లు, తిండి, చలికోట్లు, బ్యాంకుకీ ఆసుపత్రికీ వెంట వెళ్లడం, అన్నీ ఆ ఐదుగురి బాధ్యత. 1979లో వియత్నాం శరణార్థులు వచ్చినప్పుడు అక్కడి మామూలు జనం ఈ పద్ధతిలోనే వేలమందిని నిలబెట్టారు. 2024 నవంబర్‌లో ఐదుగురి గుంపుల కొత్త దరఖాస్తులని హుకూమత్ ఆపింది.

పైసా అక్కర్లేని సాయం కూడా ఒకటి ఉంది. ఇంటర్వ్యూ గదిలో అఫ్సర్‌కీ పనాహ్‌జూకీ మధ్య తర్జుమాన్ ఉంటాడు. తరచూ అతనూ ఇరానీయే, అదే బిరాదరీ. అమ్మీకి కూడా చెప్పని మాటని పనాహ్‌జూ ముందుగా అతని ముఖం చూసి చెప్పాలి. తర్జుమాన్ ముఖం చిట్లించినా, ‘గరా’ అనాల్సిన చోట ‘బాజ్’ అన్నా అవతలివాడి నోరు మూతపడుతుంది. చెప్పని మాట ఫైల్లోకి ఎక్కదు. ఏడాది తర్వాత అదే మాట చెబితే ‘అప్పుడెందుకు చెప్పలేదు’ అని అఫ్సర్ అడుగుతాడు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2012లో ఇలాంటి కేసుల కోసమే ఇచ్చిన మార్గదర్శకాల్లో తర్జుమాన్‌కి ఈ విషయంలో శిక్షణ ఉండాలని రాసింది.