మన సీమయందలి ఆరామములు

ఈ వార్షిక మహాసభా సంచికకు మన ప్రాంతచరిత్రను గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. రాజుల బిరుదములను, యుద్ధములను వర్ణించువారు పలువురు గలరు. చిరకాలము చెట్లనీడలలో పాఠములు చెప్పి విరమించిన మేము ఆ చెట్లను గూర్చియే వ్రాయ నిశ్చయించితిమి. మన పూర్వులు మనస్సునకు విశ్రాంతి నొసగు వనముల నెట్లు నిలిపిరో, నేడు మన కర్తవ్యమేమో కోటబొమ్మాళి పరిసరముల సాక్ష్యముతో నివేదించుట మా యుద్దేశము.

తొలుత ఆరామశబ్దమును విచారింతము. ‘రమ్’ ధాతువునకు క్రీడించుట, ఆనందించుట యని యర్థము. ఉపసర్గ చేరినపుడు ఆగుట, విశ్రమించుట యను నర్థమును గలుగును. విరామము, ఉపరమము, ఆరామము ఒక్క ధాతువునకు బిడ్డలు. అడవి తనంత పుట్టును. ఆరామమును మానవుడు కోరి పెంచును. మన ధర్మశాస్త్రములు యజ్ఞాదులకు ఇష్టమనియు, బావి, చెఱువు, దేవాలయము, అన్నదానము, ఆరామము అనువానికి పూర్తమనియు పేరిడినవి. తెలుగువారు సప్తసంతానములలో పుత్రునితోను, తటాకముతోను, కావ్యముతోను వనమును చేర్చిరి. చెట్లు పెంచినవానిని బిడ్డలను గన్నవానితో సమముగా నెంచిరన్నమాట.

ఈ ధర్మమునకు కళింగదేశమున శిలాక్షరసాక్ష్యము గలదు. 1936 వఱకు మన తాలూకాలును గంజాము జిల్లాలోనివే. ఆ గంజాములోని జౌగడ కొండమీద, క్రీ. పూ. 3వ శతాబ్దమున, అశోకచక్రవర్తి శాసనములు చెక్కించెను. మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని యందు చెప్పికొనెను. కళింగమును నెత్తుట ముంచిన చేయియే పశ్చాత్తాపమున చెట్లు నాటించుట చదువరులు గమనింతురు గాక.

వంశధార దక్షిణతీరమున శాలిహుండము కొండమీద బౌద్ధుల సంఘారామముండెను. 1919లో దానిని లోకమునకు తెలిపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. భాషావిషయమున వారికిని మాకును పొత్తు కుదరదు. ఐనను ఈ ఋణము మేము తీర్చుకొనజాలనిది. భిక్షువు ప్రాతఃకాలమున భిక్షకై యూరికి పోవలెను, పిమ్మట ధ్యానమునకై మరలి రావలెను. కావున ఊరికి మిక్కిలి దూరము గాక, ఊరి సద్దు సోకక యుండు చోట్లను వారెన్నుకొనిరి. సంఘారామమనగా సంఘము యొక్క తోట. ఆ పేరు మొదట తోటకే గలదు. అందలి కట్టడములకు తరువాత సంక్రమించినది. ఈ క్రమమును మనము మఱవరాదు.

వంశధార యెడమగట్టున శ్రీముఖలింగము గలదు. తూర్పుగాంగుల రాజధానియగు కళింగనగరమిదియే యని చరిత్రకారులు నిర్ణయించిరి. అచ్చటి స్వామి మధుకేశ్వరుడు. మధూకమనగా ఇప్పచెట్టు, శివుడందు వెలసెనని స్థలపురాణము. గాంగుల సింహాసనము పోయినది, కోటలు పోయినవి. దేవుని పేర ఇప్పచెట్టు మాత్రము నిలిచినది.

కోటబొమ్మాళికి ఈశాన్యమున ఉద్దానము గలదు. ఆ పేరు ఉద్యానశబ్దభవమని పెద్దలందురు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నొక సీమయంతయు ఉద్యానమను పేర పరగుట యితరత్ర అరుదు. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి, ఒక్కనాటిలో ఆ తోటలను నేలగూల్చెను. తాత నాటిన చెట్టు మనుమని కండ్లయెదుట పడిపోయిన యిండ్లలో, పంటనష్టమునకు లెక్కలు కట్టిరి గాని, పోయిన నీడకు లెక్క కట్టినవారు లేరు.

టెక్కలి చేరువనున్న తేలినీలాపురము మఱియొక పాఠము చెప్పుచున్నది. ఏటేట గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును ఆ యూరి చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని మరలిపోవును. అవి వచ్చిన యేడు ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకము. కావున వానిని బాధింపనీయరు. చెట్టును కాచుటకు చట్టముకంటె ప్రేమయే గట్టి కంచె యని యిందువలన తెలియుచున్నది.

మా జీవితమునుండి యొక్కమాట. మేము పనిచేసిన యొక పాఠశాలలో పెద్ద మఱ్ఱి యుండెను. అల్లరిపిల్లవానిని దండింపక దానిక్రింద గడియసేపు కూర్చుండబెట్టువారము. వాడు శాంతించి వచ్చెడివాడు. క్రొత్త గదుల నిమిత్తము దానిని కొట్టివేసిరి. అప్పుడు మేమును సమ్మతించి సంతకము చేసితిమి. గదులు వచ్చినవి; ఆ నీడ మరల రాలేదు. ఆ సంతకము నేటికిని మమ్ము బాధించుచున్నది.

మేము చూచినదానికి విదేశములందు వైద్యదృష్టితోను నిదర్శనము దొరకినది. అమెరికాలో ఉల్రిచ్ అను పండితుడు 1984లో నొక పరిశోధన ప్రకటించెను. పిత్తాశయమునకు శస్త్రచికిత్స యైన రోగులలో, కిటికీనుండి చెట్లు కానవచ్చినవారు ఇటుకగోడ కానవచ్చినవారికంటె ముందుగా నిండ్లకు మరలిరనియు, తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా వాడిరనియు నిరూపించెను.

కావున మహాసభవారికిని పోషకులకును మా విన్నపము. వసతిగృహములకును కల్యాణమండపములకును విరాళములిచ్చు మీ యౌదార్యమును మేమెఱుగుదుము. కాని సంఘమునకు స్థలము సమకూరినపుడు అందు నాలవపాలు కట్టడమునకు విడువక ఆరామమునకు నిలుపుడు. మఱ్ఱి, రావి, వేప, పొగడ, ఇప్ప నాటుడు. సముద్రపుగాలికి తాళు పొన్నను మఱవకుడు. మధ్య నాలుగు రాతితిన్నెలు చాలును. మైకును పేర్ల పలకలును వలదు. నాటిననాటి ఉత్సవముకంటె మూడు వేసవులు నీరుపోసి, మేకలనుండి కాచువానికి జీతమేర్పఱచుట ముఖ్యము.

ఆ ఆరామమునకు ద్వారము మాత్రము మన కులమువారికే యని వ్రాయకుడు. కొత్తమ్మతల్లి యాత్రకు నడచివచ్చి యలసినవాడు, పరీక్ష తప్పిన విద్యార్థి, బిడ్డలు దూరదేశములకేగిన వృద్ధదంపతులు, ఎవ్వరైనను వచ్చి మౌనముగా కూర్చుండవలెను. నీడకు కులము లేదు. దానిని పెంచిన కులమునకు కీర్తి మాత్రము గలదు.

మేమా మఱ్ఱినీడను చూడలేకపోవచ్చును. మీ మనుమలు చూతురు. అంతకుమించిన సంతానమేమి గలదు? శుభమస్తు.