తరగతి తలుపూ మూడో అధికరణమూ

ఇటలీ రాజ్యాంగం మనకెందుకు? ఈ విషయం చదువుతున్నామని చెప్పినప్పుడు మా మిత్రులు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. గ్రాంసీ దగ్గర్నుంచి 'సబాల్టర్న్' అన్న మాట అరువు తెచ్చుకుని మనం ఎన్నో సెమినార్లు పెట్టుకున్నాం. ఆ గ్రాంసీ 1911లో సార్డీనియా నుంచి ట్యూరిన్ యూనివర్సిటీకి వచ్చింది పేద విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్ మీద. నెలకి 70 లీరాలు. అదే పోటీ పరీక్షలో నెగ్గిన ఇంకో కుర్రవాడు తొల్యాత్తి లా చదివాడు, కమ్యూనిస్టు నాయకుడయ్యాడు, రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. గ్రాంసీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ముస్సోలినీ జైలు ఆయన్ని తినేసింది. 1937లో పోయాడు. ఆయన రాసింది చదివాం గానీ, ఆ దేశంలో లా తరగతి తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరి మొహాన మూసుకుంది అని మేం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

అడగడానికి సొంత కారణం కూడా ఉంది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కడం మాతోనే మొదలు. మేం చదివిన కాలేజీలో ప్రాథమిక హక్కుల పాఠం నెల రోజులు నడిచింది. ఆదేశిక సూత్రాలు ఒక్క పీరియడ్‌లో అయిపోయాయి. ఇవి కోర్టులో నిలబడవు, పరీక్షలో పెద్దగా రావు అని చెప్పి మాస్టారు పుస్తకం మూసేశారు. కూలి, బడి, ఆరోగ్యం, బలహీన వర్గాల చదువు - మా వాడ బతుకంతా ఆ మూసేసిన పేజీల్లోనే ఉంది.

ఇటలీలో ఇలాంటి పేజీ ఒకటుంది. దాన్ని మూయడానికీ తెరవడానికీ పెద్ద పెనుగులాటే జరిగింది.

మొదట పాత రాజ్యాంగం సంగతి. 1848లో కార్లో అల్బెర్తో అనే రాజు తన ప్రజలకి ఒక శాసనం 'ప్రసాదించాడు'. ప్రజలు రాసుకున్నది కాదు. దాని 24వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమే అంది. తోక ఒకటి తగిలించింది: చట్టం చెప్పిన మినహాయింపులు తప్ప. ఈ తోకని గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ కనిపిస్తుంది. మామూలు చట్టంతోనే ఆ శాసనాన్ని మార్చుకోవచ్చు కాబట్టి ఫాసిస్టులు దాన్ని రద్దు చెయ్యాల్సిన అవసరం కూడా రాలేదు. ఉంచుకుంటూనే చంపారు.

ఆ కాలంలో రాజ్యాంగ పాఠం ఎలా చెప్పేవాళ్ళు? విత్తోరియో ఎమానుయేలె ఒర్లాండో అనే ప్రొఫెసర్ 1889లో పలేర్మోలో చేసిన ప్రారంభోపన్యాసం దారి చూపించింది. న్యాయశాస్త్రాన్ని రాజకీయం నుంచి, చరిత్ర నుంచి, సమాజ పరిశీలన నుంచి వేరుచేసి శుద్ధమైన భావనల శాస్త్రంగా చెప్పాలన్నాడు. పాఠానికి మడి కట్టాడన్న మాట! సమాజం అంటని పాఠం కాబట్టి సమాజంలో ఎవరు ఎవర్ని తొక్కుతున్నారన్నది పాఠ్యాంశమే కాకుండా పోయింది. ఆ ఒర్లాండో తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు. రాజకీయం ఆయనకి అంటరానిది కాదు, విద్యార్థులకే!

1931లో ప్రొఫెసర్లందరూ ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చెయ్యాలన్నారు. 1,200 మందికి పైగా ఉన్న ప్రొఫెసర్లలో కాదన్నవాళ్ళు డజను మంది. వాళ్ళలో ఫ్రాంచెస్కో రుఫ్ఫీనీ, ఆయన కొడుకు ఎదోఆర్దో న్యాయశాస్త్రం చెప్పేవాళ్ళు. ఒర్లాండో ప్రమాణం చెయ్యకుండా కుర్చీ వదిలేసి వెళ్ళాడు, ఆ మాత్రం మర్యాద ఆయనకివ్వాలి. ఇక 1938లో జాతి చట్టాలు వచ్చాయి. యూదు ప్రొఫెసర్లని తీసేశారు. యూదు పిల్లల్ని బడుల్లోంచి వెళ్ళగొట్టారు. అప్పటికే యూనివర్సిటీలో ఉన్నవాళ్ళని చదువు ముగించుకోనిచ్చారు గానీ కొత్తవాళ్ళకి తలుపు మూసేశారు. చట్టం చెప్పిన మినహాయింపు!

ఫ్లోరెన్స్‌లో తెరేసా మత్తేయి అనే హైస్కూలు అమ్మాయి ఆ జాతి పాఠాన్ని వినను పొమ్మంది. దేశంలోని బడులన్నిట్లోనుంచీ ఆమెని బహిష్కరించారు. 1946 జూన్ 2న రాజ్యాంగ సభకి ఎన్నికలు జరిగినప్పుడు ఆమెకి 25 ఏళ్ళు. సభలో అందరికంటే చిన్నది. గెలిచిన 556 మందిలో ఆడవాళ్ళు 21 మంది.

ఆ సభ 1947 డిసెంబర్ 22న 453 - 62 ఓట్లతో ఆమోదించిన రాజ్యాంగం 1948 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూడో అధికరణంలో రెండు పేరాలున్నాయి. మొదటిది మనకి తెలిసిన మాటే: లింగం, జాతి, భాష, మతం, రాజకీయ అభిప్రాయం, వ్యక్తిగత, సామాజిక స్థితి చూడకుండా అందరూ సమానం. రెండో పేరా సోషలిస్టు లేలియో బాస్సో చేతి పని. స్వేచ్ఛనీ సమానత్వాన్నీ వాస్తవంలో కుదించే ఆర్థిక, సామాజిక అడ్డంకుల్ని తొలగించడం రిపబ్లిక్ బాధ్యత అంటుంది. 'వాస్తవంలో' అన్న మాట ఉండాలని పట్టుబట్టింది మత్తేయి అని చెప్తారు. బడి నుంచి గెంటించుకున్న పిల్ల ఆ మాట కోసం పట్టుబట్టిందంటే ఆశ్చర్యం లేదు. సమానమని రాసి ఉన్న పుస్తకం ఆమెని కాపాడలేదు కదా.

1949 నవంబర్ 25న అంబేద్కర్ మన సభలో చేసిన హెచ్చరిక కూడా ఈ 'వాస్తవం' గురించే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం - ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని అన్నాడు. అయితే ఒక తేడా ఉంది. మన 37వ అధికరణం ఆదేశిక సూత్రాలు కోర్టులో చెల్లవని నోరు తెరిచే చెప్పింది. ఇటలీ రాజ్యాంగం ఆ మాట ఎక్కడా అనలేదు. అన్నది జడ్జీలు. 1948 ఫిబ్రవరిలోనే అక్కడి ఉన్నత అప్పీలు కోర్టు అధికరణాల్ని విడదీసి, కొన్ని వెంటనే అమలయ్యే ఆజ్ఞలు, మిగతావి భవిష్యత్తు కార్యక్రమాలు అని తేల్చింది. ఫాసిస్టు కాలంలో పెరిగిన జడ్జీలు కొత్త పుస్తకాన్ని పాత కళ్ళజోడుతో చదివారు.

మన దగ్గర 1951లో చంపకం దొరైరాజన్ కేసు వచ్చింది. ఆంధ్ర జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి, కాబట్టి అది మన కేసు కూడా. బలహీన వర్గాల చదువుని కాపాడమనే 46వ అధికరణం ప్రాథమిక హక్కు ముందు నిలవదని సుప్రీంకోర్టు కమ్యూనల్ జీవోని కొట్టేసింది. ఆ పిటిషనరు మెడికల్ సీటుకి దరఖాస్తే పెట్టలేదు! ఆ ఏడాదే మొదటి సవరణ చేసి 15(4) తెచ్చుకోవాల్సి వచ్చింది. రెండు దేశాల్లోనూ గీత గీసింది ఒకే రకం చదువు.

ఇటలీలో రాజ్యాంగ న్యాయస్థానం 1956లో గానీ పని మొదలుపెట్టలేదు. ఎనిమిదేళ్ళు జాగు చేశారు. దాని మొట్టమొదటి కేసు అనుమతి లేకుండా కరపత్రాలు పంచినవాళ్ళది, 1931 నాటి పోలీసు చట్టం మీద. 'కార్యక్రమం' మాత్రమే అనే అధికరణాలకి విరుద్ధంగా ఉన్నా చట్టాన్ని కొట్టేయొచ్చని కోర్టు తేల్చేసింది. కరపత్రం పంచి లాఠీ తిన్నవాళ్ళకి ఈ కేసు గురించి వేరే చెప్పక్కర్లేదు. వాదించిన లాయర్లలో పియెరో కలమాండ్రేయి ఒకడు. అంతకు ముందు ఏడాది, 1955 జనవరి 26న, మిలాన్‌లో విద్యార్థులు పెట్టుకున్న సభలో ఆయన రాజ్యాంగం మీద మాట్లాడాడు. (మన రిపబ్లిక్ డే నాడే, కాకతాళీయం.) మూడో అధికరణం ఇప్పుడున్న సమాజంతో పెట్టుకున్న తగాదా అన్నాడు. డబ్బు లేకపోయినా సమర్థులకి పెద్ద చదువుల హక్కుందనే 34వ అధికరణం అమలుకాలేదని యూనివర్సిటీ కుర్రాళ్ళ మొహం మీదే చెప్పాడు. కలమాండ్రేయి కూడా 1931లో ప్రమాణం చేసినవాడే. మనం మనుషుల్ని దేవుళ్ళని చెయ్యక్కర్లేదు.

ఆ కుర్రాళ్ళు ఎవరు? 1923 నాటి జెంతీలే సంస్కరణ ప్రకారం లా చదవాలంటే లాటిన్, గ్రీకు చెప్పే క్లాసికల్ హైస్కూలు దాటి రావాలి. సైన్సు హైస్కూలు వాళ్ళకీ ప్రవేశం లేదు. 1962 చివర్లో అందరికీ ఒకే మాధ్యమిక బడి చట్టం వచ్చేదాకా పదకొండేళ్ళ వయసులోనే పిల్లల్ని వేరుచేసేవాళ్ళు, కొందరు లాటిన్‌కి, కొందరు పనికి. మన దగ్గర సంస్కృతం చేసిన పని అక్కడ లాటిన్ చేసింది. 1967లో బార్బియానా అనే కొండపల్లె పిల్లలు, ఫాదర్ మిలానీ బడివాళ్ళు, తమని ఫెయిల్ చేసిన టీచరుకి పుస్తకమంత ఉత్తరం రాసి ఈ సంగతి బట్టబయలు చేశారు. 1969 డిసెంబర్‌లో 910వ నంబరు చట్టం వచ్చాకే అయిదేళ్ళ హైస్కూలు ఏది చదివినా యూనివర్సిటీలో ఏ శాఖలోనైనా చేరే వీలు కలిగింది. అంటే అడ్డంకులు తొలగించాలనే పాఠం 21 ఏళ్ళపాటు అడ్డంకి దాటిన పిల్లలకే చెప్పారు.

తలుపు తీసినంత మాత్రాన సరిపోదనుకోండి. ఇటలీలో పరీక్ష ఇప్పటికీ ఎక్కువగా నోటితోనే. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని, తోటివాళ్ళు వింటుండగా చెప్పాలి. మార్కులు 30కి, 18 వస్తే గట్టెక్కినట్టు. ఇంట్లో పుస్తకాల భాష మాట్లాడుకునే పిల్లకీ లేని పిల్లకీ ఆ బల్ల ఒకే ఎత్తులో ఉండదు. వైవాలో గొంతు పట్టేసినవాళ్ళం, మాకు తెలుసు.

ఆ తరగతి నుంచే వచ్చిన ఒక విద్యార్థిని సంగతి చెప్పి ఆపుతాం. రోజా ఓలివా రాజనీతిశాస్త్రం డిగ్రీతో 1958లో ప్రిఫెక్టు ఉద్యోగాల పోటీకి దరఖాస్తు పెట్టింది. ప్రిఫెక్టంటే మన కలెక్టరు లాంటివాడు. ఆడదానివని తిప్పి పంపారు. 1919 నాటి చట్టం ఒకటి రాజకీయాధికారం చలాయించే ఉద్యోగాల నుంచి స్త్రీలని తప్పించింది. కొత్త రాజ్యాంగంలోని 51వ అధికరణం స్త్రీ పురుషులిద్దరికీ ఉద్యోగాలు సమానమంది గానీ 'చట్టం నిర్ణయించిన అర్హతల ప్రకారం' అంది. అదే తోక! ఆమె తనకి పాఠం చెప్పిన ప్రొఫెసర్ కోస్తాంతీనో మోర్తాతి దగ్గరికి వెళ్ళింది. ఆయన రాజ్యాంగ సభలో కూర్చున్నవాడు, రాజ్యాంగమంటే కాగితం కాదు, సమాజంలో పనిచేసే బలాలు అని 1940లోనే పుస్తకం రాసినవాడు. కేసు పట్టాడు. 1960లో 33వ నంబరు తీర్పు ఆ నిషేధాన్ని కొట్టేసింది: ఆడది కావడమే అనర్హత అని చట్టం చెప్పడానికి వీల్లేదు. 1963లో వచ్చిన చట్టంతో జడ్జీ ఉద్యోగం కూడా స్త్రీలకి తెరుచుకుంది. స్త్రీలు తీర్పు చెప్పడానికి పనికిరారన్న వాదన 1947లో రాజ్యాంగ సభలోనే వినిపించింది. 1965లో మొదటిసారి ఎనిమిది మంది ఆడవాళ్ళు జడ్జీలయ్యారు.