ఉప్పెనకు పైకి, గాలికి లోపలికి

వెస్ట్ బేలో ఇరవయ్యో అంతస్తులో కాపురం ఉండే మనవాళ్ళకి తుఫానంటే ఫోన్లో వినే కబురే. నవంబరులో వాయుగుండం అన్న మాట వినగానే ఊరికి ఫోన్ చేసి, "అమ్మా, తలుపులేసుకుని ఇంట్లోనే ఉండు" అంటాం. ఆ మాట అన్ని వేళలా మంచిది కాదు.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణానది పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న దివిసీమ. అంత గాలిలో ఎవరు బయట తిరుగుతారు? జనం ఇళ్ళల్లోనే తలదాచుకున్నారు. గాలి వెనకే ఉప్పెన వచ్చింది. నీరు 5 మీటర్లకు పైగా లేచి మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చేసింది. మట్టిగోడలు, తాటాకు కప్పులు ఏం ఆగుతాయి? సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కే దాదాపు 10 వేల మంది. పక్కా డాబా ఎక్కినవాళ్ళు, చెట్టు కొమ్మ దొరికినవాళ్ళు బతికారు. ఆ తర్వాతే మన తీరం వెంబడి స్తంభాల మీద నిలిపిన తుఫాను షెల్టర్లు వరసగా లేచాయి.

అన్నట్టు, మనం ఇవాళ ఉంటున్న వెస్ట్ బే కూడా ఆ దశాబ్దంలోనే సముద్రాన్ని పూడ్చి తీసిన నేల. 1982లో షెరటన్ హోటల్ తెరిచేనాటికి చుట్టూ పెద్దగా ఏమీ లేదు.

ఇక ఒట్టి గాలి సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు అపార్టుమెంట్ల అద్దాలు పగిలి గదుల్లోకి ఎగిరాయి. అప్పుడు కిటికీలు లేని నడవాయే దిక్కు. మధ్యలో తుఫాను కన్ను వచ్చి గాలి ఆగుతుంది. అయిపోయిందని బయటికొస్తే, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. అమెరికాలో ఓక్లహోమా వైపు ఉన్న మనవాళ్ళు టోర్నడో సైరన్ మోగితే నేలమాళిగలోకి దిగుతారు. అక్కడ అదే సరైన పని. దివిసీమలో ఆ పని చేస్తే ప్రాణం పోతుంది.

గల్ఫ్‌లో ఉన్నాం కదా, మనకేమిటి అనుకోవద్దు. 2007 జూన్‌లో గోను తుఫాను ఒమాన్ మీద పడి మస్కట్ వీధుల్ని ముంచింది. ఖతర్‌లో మనకు తరచుగా వచ్చేది షమాల్ గాలి, దుమ్ము. అది లేచిన రోజు బాల్కనీలో కుండీలు, కుర్చీలు లోపల పెట్టండి; పిల్లల మంచం అద్దం పక్కన ఉంటే జరపండి.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి: మనది డాబానా, పెంకుటిల్లా? సముద్రం ఎంత దూరం? షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?