ఇల్లు చూసి స్కూలా, స్కూలు చూసి ఇల్లా?

2007లో డాలస్ పక్కన ఇర్వింగ్‌కి సకుటుంబంగా దిగేనాటికి మా అమ్మాయికి ఐదేళ్ళు. హైదరాబాదులో మనకి తెలిసిన పద్ధతి ఒకటే కదా. ఇల్లు ఎక్కడైనా ఉండనీ, నచ్చిన స్కూల్లో ఫీజు కట్టి సీటు తెచ్చుకోవడం, పొద్దున్నే బస్సెక్కించడం. ఇక్కడ లెక్క తిరగబడింది. ఆఫీసులో ఓ సీనియర్ తెలుగాయన మొదటి రోజే చెప్పేశాడు: "ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూస్కో తమ్ముడూ, ఇల్లు తర్వాత."

ఇర్వింగ్ ఒకటే ఊరు. కానీ అందులో ఇర్వింగ్, కాపెల్, కారల్‌టన్-ఫార్మర్స్ బ్రాంచ్ అని మూడు స్కూల్ డిస్ట్రిక్టుల వాటాలున్నాయి. మనవాళ్ళు గుంపులుగా ఉండే వ్యాలీ రాంచ్‌లోనే కొన్ని వీధులు కాపెల్‌కి, కొన్ని కారల్‌టన్‌కి. మేం చూసిన వాటిల్లో కాపెల్ వైపు అద్దె ఎక్కువ. మా ఆవిడ కాపెల్ అంటుంది, నేను అద్దె అంటాను. రెండు వారాలు ఇదే గొడవ. ఆ చిరాకులోనే, అసలు ఈ గీతకి ఇంత విలువ ఎలా వచ్చిందని వెతకడం మొదలెట్టా. ఆ వెతుకులాట శాన్ ఆంటోనియో దాకా తీసుకెళ్ళింది.

టెక్సస్‌లో ప్రభుత్వ బడికి డబ్బు రాష్ట్రం కొంత, కేంద్రం కొంత ఇస్తాయి. మిగిలింది ఆ డిస్ట్రిక్టులోని ఇళ్ళు, భూముల మీద వేసే పన్ను. అంటే ఖరీదైన ఇళ్ళున్నచోట బడికి డబ్బే డబ్బు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్ట్ ఉంది, పిల్లల్లో దాదాపు అందరూ మెక్సికన్ మూలాల వాళ్ళు. అదే నగర ప్రాంతంలో ఆలమో హైట్స్, ఎక్కువమంది తెల్లవాళ్ళు, డబ్బున్నవాళ్ళు. 1967-68 లెక్కలు చూడండి. ఎడ్జ్‌వుడ్ వాళ్ళు ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకి 1.05 డాలర్లు పన్ను కట్టారు. ఆలమో హైట్స్ వాళ్ళు 85 సెంట్లే. అయినా స్థానికంగా ఒక్కో పిల్లాడికి వచ్చింది ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 333 డాలర్లు! రాష్ట్రం, కేంద్రం ఇచ్చింది కలిపినా 356, 594. ఎక్కువ రేటు కట్టినవాడికి తక్కువ బడి. ఇదెక్కడి న్యాయం చెప్పండి?

1968 మేలో ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు క్లాసులు వదిలేసి ఊరేగింపు తీశారు. ఆ వేసవిలోనే డెమెట్రియో రోడ్రిగెజ్, ఇంకొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆయన వైమానిక స్థావరంలో రేకుల పని చేసే మనిషి. 1971లో ఫెడరల్ జిల్లా కోర్టులో గెలిచారు. 1973 మార్చి 21న సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయారు. చదువు అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, పద్ధతి మార్చాలంటే చట్టసభలే మార్చుకోవాలని జస్టిస్ పావెల్ రాశాడు. తీవ్రంగా విభేదించినవాడు థర్గుడ్ మార్షల్. 1954లో బ్రౌన్ కేసు వాదించి బళ్ళలో నల్ల-తెల్ల వేర్పాటు చెల్లదనిపించిన లాయరు ఆయనే. నామటుకు నాకు మార్షల్ మాటే సబబనిపిస్తుంది. ఒక్క ఓటు అటు పడుంటే మా ఇంట్లో ఆ రెండు వారాల గొడవ ఉండేది కాదేమో.

ఎడ్జ్‌వుడ్ మాత్రం వదల్లేదు. 1984లో రాష్ట్ర కోర్టులో మళ్ళీ దావా వేసింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. నానా తంటాలూ పడి 1993లో చట్టం తెచ్చారు. ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టులు కొంత డబ్బు వదులుకోవాలి. జనం దీనికి రాబిన్‌హుడ్ అని పేరు పెట్టారు. అప్పటికి రోడ్రిగెజ్ కేసు వేసి పాతికేళ్ళు. ఆయన పిల్లలు బడి దాటి ఎప్పుడో పెద్దవాళ్ళయిపోయారు. ఆయన 2013లో పోయాడు.

ఇంతా చదివి నేనేం చేశానంటారా? కాపెల్ వైపు లీజు మీద సంతకం పెట్టా. సిద్ధాంతం వేరు, కూతురు వేరు. అడ్మిషన్‌కి వెళ్తే లీజు కాయితం, కరెంటు బిల్లు అడిగారు. వీసా ఊసే లేదు. (అదీ టెక్సస్ కేసు పుణ్యమే. కాగితాల్లేని పిల్లల్నయినా బళ్ళోకి రానివ్వాల్సిందేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ 5-4 తోనే.)

మూడేళ్ళకి ఇల్లు కొన్నాం, గీతకి అదే వైపు. మొదటి ప్రాపర్టీ టాక్స్ బిల్లులో సగానికి పైగా స్కూలుకే. మా ఆవిడ బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవండీ, మనం కట్టేదాంట్లో కొంత వేరే ఊళ్ళ బళ్ళకి పోతుందటగా, పక్కింటావిడ తెగ తిడుతోంది" అంది. కుర్చీ లాక్కుని, ఎడ్జ్‌వుడ్ 26 డాలర్ల దగ్గర్నించి చెప్పడం మొదలెట్టా.