పడమటి ప్రకాశంలో ఆగమన కాలం

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో ఆగమన కాలం నడుస్తుంది. నవంబరు 30కి దగ్గరగా పడే ఆదివారం నాడు మొదలై డిసెంబరు 24తో ముగుస్తుంది. పుట్టిన క్రీస్తును స్మరించుకోవడం, మళ్ళీ రానున్న క్రీస్తు కోసం బ్రతుకును సరిచేసుకోవడం దీని ఉద్దేశం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతానికి ఈ సిద్ధపాటు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి నల్లమల అవతలి నంద్యాల వైపు నుంచి, ప్రార్థన పుస్తకం వెంట వచ్చింది. రెండోది ఒంగోలు వైపు నుంచి, పండుగల పట్టీ ఏదీ లేకుండానే వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, నేటి డిసెంబరు సందడిలో మనం దేన్ని నిలుపుకున్నామో, దేన్ని జారవిడుచుకున్నామో తేటపడుతుంది.

ఆగమన కాలం మొదట్లో పండుగ కాదు, క్రమశిక్షణ. క్రీ.శ. 380లో స్పెయిన్‌లోని సరగోసాలో కూడిన సభ, డిసెంబరు 17 నుంచి జనవరి 6 వరకు విశ్వాసులెవరూ ఆరాధనకు రాకుండా ఉండకూడదని కట్టడి చేసింది. అయిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులోని టూర్స్ బిషప్పు పెర్పెటువస్, నవంబరు 11 నాటి సెయింట్ మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలన్నాడు. 581లో మాకోన్ సభ సోమ, బుధ, శుక్రవారాలను ఉపవాస దినాలుగా ఖాయం చేసింది. తరువాత రోమా సంఘం దీన్ని నాలుగు ఆదివారాలకు కుదించింది. ఇంగ్లండు సంఘం 1662 నాటి ప్రార్థన పుస్తకంలో, మొదటి ఆగమన ఆదివారపు ప్రార్థనను క్రిస్మస్ ముందురోజు దాకా ప్రతిదినం చెప్పాలని నియమం పెట్టింది. చీకటి క్రియలను విడిచి వెలుగును ధరించుకోవాలన్నది ఆ ప్రార్థన సారం. ఇప్పుడు ఆగమన కాలానికి గుర్తుగా చెప్పుకునే కొవ్వొత్తుల చక్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1839లో హాంబర్గులో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే పాస్టరు, తాను పెంచుతున్న పేద పిల్లలు క్రిస్మస్‌కు రోజులు లెక్కపెట్టుకోవడానికి దాన్ని తయారుచేశాడు. ఆ మరుసటి ఏడాదే నెల్లూరులో, తరువాత ఒంగోలుకు పాకిన అమెరికన్ బాప్టిస్టు మిషను మొదలైంది.

ప్రార్థన పుస్తకపు దారి ముందుగా చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా ఇంగ్లండు సంఘానికి చెందిన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను కడప, కర్నూలు జిల్లాల్లో ముత్యాలపాడు, కలసపాడు కేంద్రాలుగా పనిచేస్తోంది. తరువాత నంద్యాల దానికి ప్రధాన స్థానమైంది. కలసపాడు గిద్దలూరుకు దక్షిణాన, నంద్యాల కొండలకు అవతల పడమట ఉన్నాయి. ఈ సంఘాల్లో ఏడాది మొత్తం పంచాంగంలా నడుస్తుంది, ఆ ఏడాది ఆగమన ఆదివారంతోనే మొదలవుతుంది. బల్ల మీద ఊదారంగు గుడ్డ పరుస్తారు. ఆ వారానికి నియమించిన పాఠాలు చదువుతారు. వాటిలో బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యంలో నిలబడి, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలనీ, సుంకరులు ఎక్కువ వసూలు చేయకూడదనీ చెప్పే మాటలు వస్తాయి. చదువురాని విశ్వాసులకు ఉపదేశి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది అందులో చేరడానికి ఒప్పుకోలేదు. 1963లో నంద్యాల డయాసిస్ ఏర్పడింది. అది సి.ఎస్.ఐ.లో కలిసింది ఆ తరువాతే. తమ ఆరాధన క్రమాన్ని వాళ్ళు ఎంత గట్టిగా పట్టుకున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండో దారిలో ఈ క్రమం లేదు. బాప్టిస్టులు వాక్యంలో లేని పండుగ దినాలను పాటించాల్సిన పని లేదన్నవారు. అయినా సిద్ధపాటు అంటే ఏమిటో ఈ నేల మీద అందరికంటే కఠినంగా నేర్పినవారు వాళ్ళే. 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరకు తొలినాళ్ళ తోడు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటనున్న తాళ్ళకొండపాడు మాదిగపల్లె మనిషి. తోళ్ళ వ్యాపారం చేస్తూ, క్రీస్తును గురించి వినకముందే గురువు దగ్గర యోగం నేర్చి ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు. ఇతని కథ ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకంలో ఉంది. దేవుని కోసం వెతుకులాట ఈ ప్రాంతానికి మిషనరీలు మోసుకొచ్చింది కాదని పేరయ్య జీవితమే సాక్ష్యం.

సంఘంలో చేరేవారికి క్లౌ మూడు కట్టుబాట్లు చెప్పాడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. చూడటానికి చిన్నవే. కాని మాదిగపల్లెకు వీటి అర్థం వేరు. చచ్చిన గొడ్డు వాళ్ళకు రావాల్సిన వాటా, కరువులో అదే కూడు. ఊరి జాతరలో డప్పు కొట్టడం వాళ్ళ మీద ఊరు మోపిన విధి. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకోడు. కాబట్టి ఈ మూడింటికి తలూపడమంటే తిండినీ, పనినీ, ఊళ్ళో నిలువనీడనూ పణంగా పెట్టడమే. ఈ సిద్ధపాటు వారి నిత్యజీవితంలోనే జరిగింది.

ఇక 1876-78 నాటి పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ప్రసంగీకులే మేస్త్రీలుగా నిలబడి, జనం అలసి కూర్చున్నప్పుడు వాక్యం చెప్పారు. బాప్తిస్మం ఇవ్వమని ఎంతమంది అడిగినా క్లౌ పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట ఎవరికీ రాకూడదన్నది అతని పట్టుదల. సహాయం ఆగిపోయాక కూడా, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పినా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి, అలసినప్పుడు మరో ఇద్దరికి వదులుతూ, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం కాస్త ఆగి సాయంత్రానికి ముగించారు. నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా దిగే నది అది. ఆ నది వెంట ఉద్యమమూ పైకి పాకింది. 1882లో కంభంలో, 1895లో మార్కాపురంలో మిషను కేంద్రాలు వెలిశాయి. ఆ పదిహేను నెలల ఎదురుచూపు పేరుకు ఆగమన కాలం కాదు గాని, దాని సారమంతా అందులో ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ రెండు దారులూ కలిశాయి. ఈ రెండు దారులకూ వెలుపలి కతోలికులు కూడా రెండో వాటికన్ మహాసభ తరువాత ఆగమన పూజను తెలుగులో చేసుకోగలిగారు. వారి 1969 నాటి కొత్త క్యాలెండరు డిసెంబరు 16 వరకు రెండో రాకడ మీద, 17 నుంచి జననం మీద దృష్టి పెట్టమంది. క్యాలెండరు ఎరగని బాప్టిస్టు సంఘాల్లోనూ డిసెంబరు పుట్టగానే తెల్లవారుజాము ప్రార్థనలు, ఉపవాస కూడికలు, గుడికి సున్నాలు మొదలవుతాయి. వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రం ఇంటి మీదికి ఎక్కుతుంది. డోలక్, కంజీరలతో క్యారల్స్ బృందం రాత్రంతా ఇల్లిల్లూ తిరుగుతుంది. గుంటూరు, హైదరాబాదు, బెంగళూరు వైపు వలస వెళ్ళినవాళ్ళు పండుగకు ఇల్లు చేరతారు.

ఇవన్నీ సంతోషించవలసినవే. అయితే నెల మొదటివారం నుంచే సెమీ క్రిస్మస్ వేదికలు, కేకులు, ఫ్లెక్సీలు, సౌండు బాక్సులు వరసకట్టడంతో ఎదురుచూడవలసిన కాలం ముందస్తు పండుగగా మారిపోయింది. ఉపవాసపు రోజులు విందు రోజులయ్యాయి. మన పెద్దలు నోటికాడి కూడు వదులుకుని సిద్ధపడ్డారు. మనం వదులుకుంటున్నదేమిటి?

నా విన్నపం ఒక్కటే. ఈ ఏడు మన సంఘాలు ఒక్క సెమీ క్రిస్మస్ ఖర్చు మానుకుని, ఆ డబ్బుతో వలస కుటుంబాల పిల్లల చదువుకో, ఒంటరి వృద్ధుల మందులకో సాయపడాలి. మాటలు తెగిన అన్నదమ్ములు 24లోగా ఒకరి గడప ఒకరు తొక్కాలి. తాగుడు మానాలనుకున్నవాడు కొత్త సంవత్సరం దాకా వాయిదా వేయకుండా మొదటి ఆదివారమే మానాలి. పడమటి ప్రకాశంలో సిద్ధపాటును మొదటి నుంచీ మారిన నడవడితోనే కొలిచారు. ఆ కొలతను మనం మార్చకూడదు.